సుగ్గికి పోయిన ఇంటి తాళం వెనక: పేద కుటుంబాల అడ్డంకులు ఊరికి అర్థమయ్యేలా చేయడం ఎలా

చలికాలం మొదలయ్యిందంటే కర్నూలు జిల్లా పడమటి ఊళ్ళలో ఇళ్ళకు తాళాలు పడతాయి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, ఆదోని మండలాల వాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. పత్తి తీయడానికి, ఆ వెనక మిరప కోతకు పిల్లాజెల్లా, మూటాముల్లె కట్టుకుని గుంటూరు వైపు బండ్లెక్కుతారు. దీన్నే మేము సుగ్గికి పోవడం అంటాం. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం, ఇంటికి గింజ చేరే సంబరం. మా దగ్గర ఆ మాట వింటే గుర్తొచ్చేది ఇల్లు వదిలిపోవడమే.

ఆ తాళాలు చూసి ఊళ్ళో మిగిలినవాళ్ళు ఏమంటారో నాకు బాగా తెలుసు. పన్నెండేళ్ళు ఆ పక్క బళ్ళలో పాఠాలు చెబుతూ నేనూ అన్నాను: "వీళ్ళకు పిల్లల చదువంటే పట్టింపు లేదు." ఆ మాట తప్పని ఏ శిక్షణ తరగతిలోనూ తెలియలేదు. ఒక సాయంత్రం ఒక తల్లి పక్కన కూర్చుని ఆమె నెల లెక్క కాగితం మీద వేస్తే తెలిసింది. బిడ్డను బడి మాన్పించడం అందరికీ కనిపిస్తుంది. అంతకుముందు ఆ తల్లి ఎన్ని రాత్రులు ఏ లెక్క వేసుకుందో ఎవరికీ కనిపించదు. ఆ లెక్కను, ఆ ఇంటి పరువు పోకుండా, ఊరి ముందు ఎలా పెట్టాలో ఇక్కడ రాస్తున్నాను. టీచర్లు, యువజన సంఘాల పిల్లలు, పొదుపు సంఘం లీడర్లు, గ్రామ సచివాలయం ఉద్యోగులు ఎవరైనా చేయొచ్చు. ఐదారు వారాలు పడుతుంది. ఖర్చు పెద్దగా ఉండదు, ఓపిక మాత్రం చాలా కావాలి.

మొదటి మెట్టు: ఎవరికి అర్థం కావాలి, ఏది అర్థం కావాలి

"పేదరికం మీద అవగాహన సదస్సు" అని బ్యానరు కడితే వచ్చేది ఇప్పటికే అర్థమైనవాళ్ళు. ఎవరి తీరు వల్ల పేద ఇంటికి అడ్డం పడుతోందో వాళ్ళను ముందు ఎంచుకోండి. బడి హెడ్మాస్టరు, అంగడి శెట్టి, జాతర కమిటీ పెద్దలు, సంఘం లీడర్లు, సచివాలయంలో దరఖాస్తు తీసుకునే పిల్లలు. పట్నమైతే కాలనీ సంఘం వాళ్ళు. పాతిక మంది చాలు.

ప్రశ్న కూడా ఒక్కటే పట్టుకోండి, అది మీ ఊరిదై ఉండాలి. "డిసెంబరు నుంచి ఏడో తరగతి ఆడపిల్లలు ఎందుకు రావడం లేదు?" అన్నది ప్రశ్న. "మన ఊరు ఎందుకు వెనకబడింది?" అన్నది ప్రశ్న కాదు, దాన్ని పట్టుకుని రాత్రంతా ఎవరి మీద వాళ్ళు నెపం వేసుకోవచ్చు. అనంతపురం వైపు ప్రశ్న వేరే ఉంటుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే ఆ నేలలో శెనక్కాయ ఎండిన ఏడు, పాసుపుస్తకం ఉన్న చిన్నరైతు కూలోడికన్నా ఎందుకు ఎక్కువ చితికిపోతాడు? కడప జిల్లాలో నాపరాయి గనుల పక్క ఊళ్ళలో, రాతి దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి మంచం పట్టిన మనిషి ఇల్లు ఎవరు నడుపుతున్నారు?

ప్రశ్న దొరక్కపోతే నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచికలోని 12 అంశాలు ఒకసారి చదువుకోండి: పోషణ, పిల్లల మరణాలు, గర్భిణుల సంరక్షణ, చదివిన ఏళ్ళు, బడి హాజరు, వంట ఇంధనం, మరుగుదొడ్డి, తాగునీరు, కరెంటు, ఇల్లు, ఆస్తులు, బ్యాంకు ఖాతా. ఇందులో ఆదాయం అన్న మాటే లేదని గమనించారా? పేదరికమంటే డబ్బు లేకపోవడం ఒక్కటే అనుకునేవాళ్ళకు ఈ జాబితా చూపిస్తే కాస్త ఆగి ఆలోచిస్తారు. నా అనుభవంలో దీనికి ఇంకో మూడు చేర్చుకోవాలి. పొద్దు చాలకపోవడం, అప్పు, కులం. ఈ మూడూ ఏ జాబితాలో ఉన్నా లేకున్నా ప్రతి ఇంట్లోనూ ఎదురవుతాయి.

రెండో మెట్టు: ముందు వినండి

ఈ మెట్టు దగ్గర తొందరపడితే మిగతాదంతా దండగ. రెండు మూడు వారాలు దీనికే ఇవ్వండి.

నేను చేసిన తప్పు ముందు చెబుతాను. చాలా ఏళ్ళ కిందట, పెద్దలు కూర్చున్న ఒక సభలో, బిడ్డను బడి మాన్పించిన ఒక తల్లిని వేదిక ఎక్కించి మాట్లాడించాను. ఆమె మాట్లాడింది, ఏడ్చింది. ముందు వరసలో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. ఎవరో లేచొచ్చి ఐదు వందల నోటు ఆమె చేతిలో పెట్టారు, చప్పట్లు కొట్టారు. సభ బాగా జరిగిందని నేను సంతోషపడ్డాను. ఆ మరుసటి వారం నుంచి ఆమె బడి ముందు దారిన నడవడం మానేసి, చుట్టూ తిరిగి చేనికి పోవడం చూశాను. సభకొచ్చినవాళ్ళు జాలిపడి ఇళ్ళకు పోయారు. ఆ ఊళ్ళోనే, ఆ కళ్ళ ముందే బతకాల్సింది ఆమె. అప్పటి నుంచి నేను పెట్టుకున్న నియమం ఒకటే: ఏ ఇంటి మనిషినీ తన కష్టం తానే చెప్పుకోవడానికి నలుగురి ముందు నిలబెట్టకూడదు. తనంతట తాను చెబుతానని వస్తే అది వేరు, అప్పుడు కూడా రెండు రోజులు ఆగి మళ్ళీ అడగాలి.

వినడానికి ఇంటికే పోండి. పగలు పోతే ఇంట్లో ఉండేది ముసలివాళ్ళు, పసివాళ్ళు. రాత్రి ఏడున్నర తర్వాత, సంగటి కెలకడం అయ్యాక పోతే అందరూ ఉంటారు. మా పక్క చాలా ఊళ్ళలో అమావాస్య నాడు సేద్యం కట్టరు కాబట్టి ఆ రోజు తీరిగ్గా మాట్లాడొచ్చు. ఒక గంటకన్నా ఎక్కువ కూర్చోబెడితే వాళ్ళ కూలి రేటు లెక్కన డబ్బులివ్వండి. మొహమాటపడతారు, అయినా ఇవ్వండి. వాళ్ళ పొద్దుకు విలువ లేదన్నట్టు ప్రవర్తిస్తూ వాళ్ళ కష్టాల మీద సభ పెట్టడం న్యాయం కాదు.

పది మందిని ఒకచోట కూర్చోబెట్టాలంటే ఆ చోటు ఏదో ముందు ఆలోచించండి. రచ్చకట్ట మీద, గుడి ముందర అయితే ఎస్సీ కాలనీ వాళ్ళు వస్తారు గానీ కూర్చోరు, కూర్చున్నా మాట్లాడరు. దీన్ని ఎవరూ పైకి చెప్పరు. బడి ఆవరణో, అంగన్‌వాడీ వరండానో మేలు. ఇంకా మేలైనది, వాళ్ళ కాలనీకే మీరు పోయి వాళ్ళు వేసిన చాప మీద కూర్చుని, ఇచ్చిన టీ తాగడం. ఆ టీ తాగారా లేదా అన్నది మీకన్నా వాళ్ళు ఎక్కువ గమనిస్తారు. ఆడవాళ్ళతో ఆడవాళ్ళే విడిగా మాట్లాడాలి. మామ పక్కన ఉంటే కోడలు అప్పు గురించి నోరెత్తదు.

ఇక ప్రశ్నలు. "మీ ఆదాయం ఎంత?" అని ఎప్పుడూ అడగొద్దు. రేషన్ కార్డు పోతుందేమోనని భయపడి, ఏదో ఒక అంకె చెబుతారు. ఆ భయం తప్పు కాదు. ఇలా అడిగి చూడండి:

"పోయిన సోమవారం నుంచి ఆదివారం దాకా ఎన్ని రోజులు పని దొరికిందక్కా? దొరకని రోజు ఏం చేసినావు?"

"నడిరేత్రి బిడ్డకు జొరమొచ్చి చేతిలో వెయ్యి రూపాయలు లేకుంటే ఎవరి గడప తొక్కుతావు పెద్దమ్మా?"

"ఈ ఏడు చేద్దామనుకుని చేయలేకపోయిన ఖర్చు ఏదన్నా?"

"ఆఫీసుకు పోయి ఊరికే తిరిగొచ్చిన రోజుందా?"

రెండో ప్రశ్నకు వచ్చే జవాబు నోటుపుస్తకంలో జాగ్రత్తగా రాసుకోండి. ఒకరు పొదుపు సంఘం అంటారు, ఒకరు అంగడి శెట్టి అంటారు, ఒకరు కూలీలను గుంపుగా సుగ్గికి తీసుకుపోయే మేస్త్రి అంటారు, ఒకరు ఏమీ అనకుండా నేల చూస్తారు. ఊళ్ళో ఎవరు ఎవరి చేతిలో ఉన్నారో ఆ ఒక్క ప్రశ్నతో తెలిసిపోతుంది.

ఎనభై దాటిన అవ్వలుంటే 1950ల నాటి గంజి కరువు గురించి అడగండి. సీమలో గంజి కేంద్రాలు పెట్టి జనాన్ని బతికించిన రోజులవి. ఇప్పుడు మిద్దెలున్న ఇళ్ళ పెద్దలు కూడా ఆనాడు చెంబు పట్టుకుని అదే వరసలో నిలబడ్డవాళ్ళే. ఈ కథ తర్వాత సభలో మీకు బాగా ఉపయోగపడుతుంది. పేదరికం ఎవరో సోమరులకు పట్టే జబ్బన్న మాటకు ఇంతకన్నా మెత్తటి, గట్టి జవాబు నాకు దొరకలేదు.

ఫోటోలు తీయొద్దు. ఒక్కటి కూడా. వాట్సాప్ గ్రూపులో పడిన ఫోటోను మీరు వెనక్కి తీసుకోలేరు.

మూడో మెట్టు: ఒక కాగితం వెంట నడవండి

మీరు పిలవబోయే పాతిక మందిలో నలుగురైదుగురిని ఈ మెట్టులో కలుపుకోండి, వీలైతే "అన్నీ ఇస్తున్నారు కదా, తెచ్చుకోలేరా" అనేవాళ్ళనే. పేద ఇంటికి కావాల్సిన ఒక కాగితాన్ని ఎంచుకుని, అది చేతికొచ్చేదాకా ఆ ఇంటి మనిషితో పాటు తిరగండి. కాగితం ఆ మనిషికి నిజంగా కావాల్సినదే అయ్యుండాలి. మీకు చూపించడం కోసం ఆయన్ను తిప్పకూడదు.

సుగ్గికి పోయినచోట పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రం ఇందుకు సరైన ఉదాహరణ. పుట్టిన 21 రోజుల్లోపు నమోదైతే ఖర్చు లేదు. ఆస్పత్రిలో పుడితే వాళ్ళే నమోదు చేస్తారు. చేను పక్క గుడిసెలో పుడితే? ఊరు కాని ఊళ్ళో ఎవరిని అడగాలో తెలియక, ఉగాదికి ఇంటికొచ్చేసరికి గడువు దాటిపోతుంది. ఏడాది దాటిందంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోవాలి. ఆ పత్రం లేకపోతే బిడ్డ ఆధార్ కష్టం, ఆధార్ లేకపోతే కార్డులో పేరు ఎక్కదు, కార్డులో పేరు లేకపోతే ఆ బిడ్డ వాటా బియ్యం రావు. బిడ్డకు ఐదేళ్ళప్పుడు వేలిముద్రలు ఇవ్వాలి, పదిహేనేళ్ళప్పుడు మళ్ళీ ఇవ్వాలి. ఇంటిపేరులో ఇంగ్లీషు అక్షరం ఒకటి బ్యాంకు పుస్తకంలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే అది మళ్ళీ వేరే తిరుగుడు.

తిరిగేటప్పుడు నాలుగు అంకెలు రాసుకోండి: ఎన్నిసార్లు పోయారు, ఎన్ని గంటలు పట్టింది, ఎంత కూలి పోయింది, "సర్వర్ డౌన్, రేపు రా" అన్న మాట ఎన్నిసార్లు విన్నారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు బస్సులో టికెట్టు లేదు. అది పెద్ద ఊరట, ఎవరూ కాదనరు. కానీ టికెట్టు తీసేసినా పోయిన కూలి అలాగే ఉంటుంది. బస్సు దిగి మళ్ళీ ఎక్కేలోపు ఒక రోజు గడిచిపోతే ఆ రోజు మూడు వందలు ఆమె జేబులోంచి పోయినట్టే.

ఇంకో కాగితం సంగతి కూడా తెలుసుకోండి. రేషన్ కార్డుకు, పథకాలకు మన రాష్ట్రంలో చేసే ఆరు అంచెల పరిశీలనలో మెట్ట భూమి పది ఎకరాలు మించకూడదని, కరెంటు వాడకం సగటున నెలకు 300 యూనిట్లు దాటకూడదని ఉంది. పది ఎకరాలు అనగానే గోదావరి జిల్లాలవాళ్ళకు పెద్ద రైతు కళ్ళ ముందు మెదులుతాడు. పక్కనే తుంగభద్ర పారుతున్నా నీళ్ళందని పడమటి ఊళ్ళలో పన్నెండు ఎకరాల మెట్ట ఉన్నవాడు భార్యతో సహా మిరప కోతకు పోవడం నేను చూశాను. ముగ్గురు అన్నదమ్ములు ఒకే మీటరు కింద కాపురముంటే యూనిట్లు ముగ్గురివీ కలిసి ఒకరి పేరు మీద పడతాయి. నియమం రాసినవాళ్ళకు చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు. ఆ నియమం ఎర్రనేల మీద, నల్లరేగడి మీద ఏం చేస్తుందో నడిస్తేనే తెలుస్తుంది.

ఇలా నడిచొచ్చిన నలుగురు రేపు సభలో మీకన్నా బాగా మాట్లాడతారు. మీరు నోరు మూసుకుని వాళ్ళను మాట్లాడనివ్వండి.

నాలుగో మెట్టు: ముగ్గుతో ఊరు గీయండి

ఇది చిన్న మెట్టు. బడి ముందర కల్లాపి చల్లి, ముగ్గుపిండితో ఊరి పటం వేయించండి. వీధులు, బోర్లు, కుళాయిలు, రేషన్ అంగడి, అంగన్‌వాడీ, బస్సు ఆగే చోటు, రాత్రి వెలిగే వీధిదీపాలు. ఆడవాళ్ళ చేతికి పిండి ఇవ్వండి, మగవాళ్ళు గీస్తే సారాయి కొట్టు నుంచి మొదలవుతుంది, ఆడవాళ్ళు గీస్తే నీళ్ళ నుంచి మొదలవుతుంది. నేను గీయించిన ప్రతిచోటా ఇదే జరిగింది.

ఒక్క జాగ్రత్త. 2000 తర్వాత, పేదరికం తగ్గించడానికి పెట్టిన వెలుగు పథకం రోజుల్లో ఇలాంటి పటాల మీద ఇళ్ళను నిరుపేదలు, పేదలు అని గుర్తించేవాళ్ళు. సాయం ఎవరికి అందాలో తేల్చడానికి అప్పుడది అవసరమైంది. మీకు అవసరం లేదు. ఏ ఇంటి మీదా గుర్తు పెట్టొద్దు. దూరాలు మాత్రమే పెట్టండి: ఈ వీధి నుంచి కుళాయికి ఎన్ని అడుగులు, ఆ కాలనీ నుంచి బడికి దారిలో ఎన్ని దీపాలు. దీపాలు ఏ వీధితో ఆగిపోయాయో పటమే చెబుతుంది, మీరు వేలు పెట్టి చూపించక్కర్లేదు.

ఐదో మెట్టు: చింతగింజల లెక్క

అసలు పని ఇక్కడ జరుగుతుంది. మూడు గంటలు పెట్టుకోండి.

ముందుగా, మీరు విన్న మూడు నాలుగు ఇళ్ళ సంగతులు కలిపి లేని ఇంటిని ఒకదాన్ని తయారు చేయండి. ఊళ్ళో అందరికీ అందరూ తెలుసు కాబట్టి పేరు పెట్టొద్దు. పిల్లల సంఖ్య మార్చండి, వృత్తి మార్చండి, ఒక ఇంటి అప్పును ఇంకో ఇంటి జబ్బుతో కలపండి. తర్వాత, ఎవరి సంగతులు వాడుకున్నారో వాళ్ళ దగ్గరకు పోయి చదివి వినిపించండి. "ఇది మా ఇల్లే అని తెలిసిపోతుంది సారూ" అంటే ఆ ముక్క తీసేయండి, వాదించొద్దు.

పాతిక మందిని ఐదుగురి చొప్పున ఐదు గుంపులు చేయండి. ప్రతి గుంపుకూ ఒక చేటలో 106 చింతగింజలు. ఒక్కో గింజ వంద రూపాయలు. కింద నేను వేసిన అంకెలు నమూనా మాత్రమే, మీ ఊరి కూలి రేట్లు, ధరలు పెట్టుకుని మార్చుకోండి.

ఇంట్లో భార్య, భర్త, ఏడో తరగతి పాప, మూడేళ్ళ బాబు, అవ్వ. భర్తకు నెలలో 14 రోజులు పని దొరికింది, రోజుకు ఐదు వందలు. భార్యకు 12 రోజులు, రోజుకు మూడు వందలు. కలిపి 10,600. ఆడవాళ్ళ కూలి ఎందుకు తక్కువని ఇక్కడే ఎవరో ఒకరు అడుగుతారు. అడగనివ్వండి.

ఇప్పుడు ఖర్చులు. రేషన్ బియ్యం పోను సరుకులు, కూరగాయలు, పాలకు 45 గింజలు. గ్యాస్ బండకు 9. కరెంటు, ఫోను 6. పొదుపు సంఘం కంతు 20. అవ్వ బీపీ, షుగర్ మాత్రలకు 7. పిల్లలకు 5. సబ్బులకు, తలనూనెకు 6. ఇంటి మీద ముప్పై వేల బయటి అప్పు ఉంది, వందకు మూడు రూపాయల వడ్డీ, అంటే నెలకు 9 గింజలు. లెక్క పెట్టమనండి. 107 అవుతుంది. చేతిలో ఉన్నది 106. ఇంకా ఏ కష్టమూ రాలేదు, నెల మామూలుగానే గడిచింది.

తర్వాత మడిచిన చీటీలు ఒక్కొక్కటి తీయించండి. మొదటి చీటీ: బాబుకు జ్వరం, ఆస్పత్రికి 8, రెండు రోజులు తల్లి పనికి పోలేదు కాబట్టి ఇంకో 6. రెండో చీటీ: మూడు రోజులు ముసురు పట్టింది, ఇద్దరి కూలీ కలిపి 24 పోయింది. మూడో చీటీ: దగ్గరి చుట్టాలింట్లో పెళ్ళి, చదివింపులూ దారి ఖర్చులూ 8. ఇప్పటికి 47 గింజలు తక్కువ పడ్డాయి, అంటే 4,700 రూపాయలు.

ఇక గుంపులు సర్దుబాట్లు మొదలుపెడతాయి. మీరు సలహా ఇవ్వొద్దు, రాసుకోండి. "గ్యాస్ ఆపి కట్టెలు కొడదాం" అంటారు. సరే, కట్టెలకు పోయే గంట ఏ పనిలోంచి తీస్తారని అడగండి. "సంఘం కంతు ఈ నెల ఆపుదాం" అంటే, పదిమంది అప్పు ఒక్కరి వల్ల ఆగితే మిగతా తొమ్మిదిమంది ఇంటి ముందుకొస్తారు. "అవ్వ మాత్రలు రోజు విడిచి రోజు వేద్దాం" అని ఒకరు అంటారు. ఆ మాట అన్నాక అక్కడ కాసేపు ఎవరూ మాట్లాడరు. ప్రతిసారీ ఇలాగే జరిగింది. తొందరపడి ఆ మౌనాన్ని మాటలతో నింపొద్దు.

అప్పుడు నాలుగో చీటీ తీయండి. ఇది గింజలు తీసుకోదు, ఇస్తుంది. గుంపు మేస్త్రి 200 గింజలు అడ్వాన్స్ చేతిలో పెడతాడు. ఇరవై వేలు. షరతు ఒకటి: నాలుగు నెలలు భార్యాభర్తలిద్దరూ మిరప కోతకు రావాలి. కూలి కిలోల లెక్కన. ఎన్ని చేతులుంటే అన్ని కిలోలు.

గుంపులు మాట్లాడుకోవడం వినండి. పాపను బడి మాన్పిద్దామని ఎవరూ అనరు. "పాపను అవ్వ దగ్గర ఉంచుదాం" అంటారు. అవ్వకు మంచం మీద నుంచి లేవడమే కష్టమని మీరు గుర్తు చేస్తారు. "బాబును పొలంలో ఎవరు చూసుకుంటారు మరి?" అని ఇంకొకరంటారు. ఐదు నిమిషాల్లో, చదువుకున్నవాళ్ళూ ఉద్యోగస్తులూ పెద్దరైతులూ కలిసి కూర్చున్న ఆ గుంపే, మూడేళ్ళ తమ్ముడిని చూసుకోవడానికి ఏడో తరగతి పాపను బండెక్కిస్తుంది. మొదటి మెట్టులో మీరు పట్టుకున్న ప్రశ్నను అప్పుడు అడగండి. అంతకుముందు అడగొద్దు.

ఆరో మెట్టు: ఎదురుమాటలకు సిద్ధంగా ఉండండి

వాదన గెలవడం మీ పని కాదు. ప్రతి మాటనూ మళ్ళీ చేట దగ్గరకు తీసుకురావడం మీ పని.

"ఊళ్ళోనే కరువు పని ఉంది కదా, అంత దూరం ఎందుకు పోవాలి?" అన్నది చాలా న్యాయమైన ప్రశ్న. మేము కరువు పని అనే ఉపాధి హామీ పథకం దేశంలో మొదట మొదలైంది మన సీమలోనే, 2006 ఫిబ్రవరి 2న, అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ చట్టంలో పదిహేను రోజుల్లో కూలి చెల్లించాలని రాశారు. కూలి ఖాతాలో ఆలస్యంగా పడిన ఊళ్ళు ఎన్నో. ఆ చేట ముందు కూర్చున్నవాళ్ళను అడగండి: 47 గింజలు ఈ వారమే కావాలి, ఎప్పుడో పడే కూలిని నమ్ముకుంటారా, ఇవాళ చేతిలో పెట్టే అడ్వాన్సును తీసుకుంటారా? మేస్త్రి బలం ఎక్కువ కూలి ఇవ్వడంలో లేదు. ముందే ఇవ్వడంలో ఉంది.

"ఫోన్లు మాత్రం అందరి చేతిలోనూ ఉన్నాయి" అంటారు. ఓటీపీ రావాలన్నా, మేస్త్రి కబురు రావాలన్నా, సుగ్గికి పోయిన అమ్మ గొంతు బిడ్డ వినాలన్నా ఆ ఫోనే దిక్కు.

"పెళ్ళిళ్ళకు చదివింపులెందుకు, దుబారా కాకపోతే?" ఇది నేనూ అడిగిన ప్రశ్న. ఒక పెద్దమ్మ చెప్పిన జవాబు ఇప్పటికీ గుర్తుంది: పెట్టనోళ్ళ ఇంటికి ఆపదొస్తే ఎవరూ రారు నాయనా. బ్యాంకు అప్పివ్వని ఇంటికి చుట్టరికమే బీమా, ఆ చదివింపులే దాని ప్రీమియం.

"మగవాళ్ళు తాగేస్తారు." కాదని అబద్ధం చెప్పొద్దు. తాగే ఇళ్ళున్నాయి, ఆ ఇళ్ళ ఆడవాళ్ళు అందరికన్నా ముందు ఆ మాట ఒప్పుకుంటారు. మీ చేటలో మాత్రం తాగుడుకు ఒక్క గింజ కూడా పెట్టలేదని, అయినా లెక్క తప్పిందని చూపించండి. ఇక్కడ గొంతు పెంచితే పోగొట్టుకుంటారు.

ఏడో మెట్టు: ఒక్క కట్టుబాటు మార్చండి

అర్థమైందని చెప్పి ఇంటికి పోతే రెండు నెలల్లో మర్చిపోతారు. ఆ రాత్రే, గింజలు ఎత్తకముందే, తమ చేతిలో ఉన్న నియమం ఒక్కటి మార్చుకోమని అడగండి. ప్రభుత్వాన్ని అడగాల్సినవి వేరే కాగితం మీద రాసుకుని పక్కన పెట్టండి. లేకపోతే చర్చంతా అటే పోయి, ఇక్కడున్నవాళ్ళు తప్పించుకుంటారు.

నేను చూసిన మార్పులు చిన్నవే. ఒక ఊళ్ళో తల్లిదండ్రుల మీటింగు పగలు పదకొండింటికి కాకుండా రాత్రి ఏడున్నరకు మార్చారు. అంతకుముందు ఎప్పుడూ రాని తల్లులు వచ్చారు. ఇంకో ఊళ్ళో జాతర చందా ఇంటికింత అని అందరికీ ఒకేలా ఉండేది. తాళం పడిన ఇళ్ళకు, ఒంటరి ఆడవాళ్ళ ఇళ్ళకు చందా మానేసి, ట్రాక్టరున్న ఇళ్ళకు పెంచుకున్నారు. దేవుడికి తక్కువేమీ కాలేదు. ఒక పొదుపు సంఘం సుగ్గికి పోయే సభ్యుల కంతులు కొన్ని నెలలు ఆపి, తిరిగొచ్చాక కట్టించుకునేలా తీర్మానం రాసుకుంది.

బడి వాళ్ళైతే సీజనల్ హాస్టల్ సంగతి చేతిలోకి తీసుకోండి. సుగ్గికి పోయేవాళ్ళ పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకోవడానికి పెట్టినవి అవి. బండి కదిలాక తెరిచిన హాస్టల్ ఎవరికీ అక్కరకు రాదు. ఏ వీధి వాళ్ళు ఏ వారంలో బయల్దేరతారో దసరా నాటికే మీ నోటుపుస్తకంలో ఉండాలి. ఆ తేదీకి పది రోజుల ముందు తలుపులు తెరిపించడానికి సర్పంచి, హెడ్మాస్టరు, సచివాలయం ఉద్యోగి కలిసి మండల విద్యాధికారి దగ్గరకు పోవాలి. రాత చేత, సంతకాలతో. హాస్టల్లో రాత్రి ఆడపిల్లల దగ్గర ఉండే మనిషి ఎవరని తల్లులు అడుగుతారు. ఆ మనిషి పేరు, ఇంటి గుర్తు తెలియందే ఏ తల్లీ బిడ్డను వదలదు. ఆ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకుని పోండి.

చివరి పని ఉగాదికి. సుగ్గి ముగించుకుని తిరిగొచ్చిన ఇళ్ళకు పోయి, మీరు మార్చిన ఆ ఒక్క నియమం వాళ్ళకు పనికొచ్చిందా అని అడగండి. పనికి రాలేదంటే ఎందుకో రాసుకోండి. ఆ నోటుపుస్తకం పట్టుకునే మళ్ళీ దసరాకు బడి ఆవరణలో చాప పరచాలి. ఈసారి చింతగింజల అంకెలు ఆ తిరిగొచ్చిన తల్లుల చేతే వేయించండి.